లాసిక్స్ ఎన్నాళ్లు? నీరు తీసే మందు, పసిబిడ్డల ఎముకలు, కిడ్నీలు

ఏడో నెలలోనో అంతకంటే ముందో పుట్టేసిన బిడ్డ రెండు మూడు నెలలు ఎన్‌ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో ఉండి ఇంటికి వచ్చేటప్పుడు చేతికిచ్చే డిశ్చార్జి కాగితంలో మందుల జాబితా పొడుగ్గానే ఉంటుంది. విటమిన్ డి చుక్కలు, ఐరన్ చుక్కలు, కాల్షియం ఫాస్ఫరస్ సిరప్. ఊపిరితిత్తులు ఇంకా కుదురుకోని బిడ్డయితే వాటి కింద ఫ్యూరోసెమైడ్ కూడా ఉంటుంది. లాసిక్స్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. విటమిన్ డి ఏడాది నిండేదాకా వెయ్యమని చెబుతారు, ఐరన్ గురించీ చెబుతారు. ఫ్యూరోసెమైడ్ ఎదురుగా మోతాదు ఉంటుంది, రోజుకెన్నిసార్లో ఉంటుంది, ఎప్పుడు ఆపాలో మాత్రం చాలా కాగితాల్లో ఉండదు. ఆ ఒక్క ఖాళీ వల్ల బిడ్డ ఎముకల్లో, కిడ్నీల్లో ఏం జరగొచ్చో వివరంగా చెప్పుకోవాల్సిన అవసరం ఉంది.

ముందే ఒక మాట. ఈ మందు మీద కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు. 1960ల్లో వాడకంలోకి వచ్చినప్పటి నుంచి ఇది కాపాడిన ప్రాణాలకు లెక్క లేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఎగశ్వాస తీస్తున్న బిడ్డకు ఒక ఇంజక్షన్ ఇస్తే గంట తిరక్కుండానే తేడా కనిపిస్తుంది. గుండెలో పెద్ద రంధ్రం ఉండి, ఆపరేషన్‌కు తగిన బరువు కోసం ఎదురుచూస్తున్న పిల్లకు పాలు తాగే ఓపిక మిగిల్చేది చాలాసార్లు ఇదే. ఒక డోసు, నాలుగు రోజులు, వారం రోజులు వాడితే భయపడాల్సింది పెద్దగా లేదు. వాడకం వారాలు దాటి నెలల్లోకి వెళ్లినప్పుడు, అదీ ఎముక ఇంకా గట్టిపడని, కిడ్నీ ఇంకా తయారవుతున్న శరీరంలో వాడినప్పుడు, కథ మారుతుంది.

ఎందుకు మారుతుందో తెలియాలంటే కిడ్నీ కాల్షియాన్ని ఎలా దాచుకుంటుందో చూడాలి. కిడ్నీ రక్తాన్ని వడగట్టాక, ఆ వడగట్టిన నీటిలోంచి శరీరానికి కావలసినవన్నీ మళ్లీ వెనక్కి తీసుకుంటుంది. వడపోతలోకి వచ్చిన కాల్షియంలో 98 శాతానికి పైగా ఇలా తిరిగి రక్తంలో కలుస్తుంది. అందులో మూడింట రెండు వంతులు ఆ నీరు పారే సన్నని గొట్టం మొదటి భాగంలోనే వెనక్కి వెళ్లిపోతుంది. ఇంకో 20 నుంచి 25 శాతం, అదే గొట్టం వంపు తిరిగే హెన్లీ లూప్‌లో పైకెక్కే మందపాటి భాగంలో వెళ్తుంది. ఆ భాగం గోడలో ఎన్‌కేసీసీ2 అనే ప్రోటీన్ ఉంటుంది. అది ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడ్ అయాన్లను కలిపి కణంలోకి లాగుతుంది. లోపలికి వచ్చిన పొటాషియం కొంత మళ్లీ గొట్టంలోకి జారిపోతుంది. దాంతో గొట్టం లోపల ధన విద్యుదావేశం నిలుస్తుంది. కాల్షియం, మెగ్నీషియం కూడా ధనావేశం ఉన్నవే కాబట్టి ఆ ఆవేశం వాటిని కణాల మధ్య సందుల్లోంచి రక్తం వైపు తోస్తుంది.

ఫ్యూరోసెమైడ్ సరిగ్గా ఆ ప్రోటీన్‌నే అడ్డుకుంటుంది. ఉప్పు వెనక్కి రాదు, ఉప్పు వెంట నీరూ రాదు, మూత్రం ధారాళంగా వస్తుంది. మనకు కావలసింది అదే. కానీ ఉప్పు కదలిక ఆగిపోగానే ఆ విద్యుదావేశం కూడా పడిపోతుంది. తోసేది లేక కాల్షియం, మెగ్నీషియం మూత్రంలోకే పోతాయి. అంటే కాల్షియం పోవడం ఈ మందుకు ఎక్కడో పక్కన అంటుకుని ఉన్న లోపం కాదు. ఏ పని వల్ల నీరు దిగుతోందో ఆ పని వల్లే కాల్షియమూ పోతోంది. మోతాదు సరిగ్గా ఉన్నా పోతుంది, కంపెనీ మార్చినా పోతుంది.

దీని తర్వాతి మలుపులో పనిచేసే నీటి మందులు వేరే ఉన్నాయి. హైడ్రోక్లోరోథయజైడ్ వంటి థయజైడ్‌లు. ఇవి ఉప్పును బయటికి పంపుతూనే కాల్షియాన్ని వెనక్కి పట్టుకునేలా చేస్తాయి. రెండూ నీటి మందులే అయినా కాల్షియం విషయంలో ఒకటి ఎడ్డెం అంటే ఇంకోటి తెడ్డెం అంటుంది.

ఈ సంగతి ప్రయోగశాలలో తేలకముందే ప్రకృతి చూపించింది. 1962లో ఫ్రెడరిక్ బార్టర్ వర్ణించిన జబ్బులో పొటాషియం తగ్గిపోతుంది, ఒంట్లో క్షార గుణం పెరుగుతుంది, పిల్లలు ఎదగరు. 1966లో గిటెల్‌మన్ ఇంకో జబ్బును వర్ణించాడు. పైకి రెండూ దగ్గర దగ్గరగానే కనిపిస్తాయి. 1996లో యేల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లిఫ్టన్ బృందం జన్యువులను పట్టుకున్నాక అసలు విషయం బయటపడింది. బార్టర్ జబ్బులో ఒక రకానికి కారణం ఫ్యూరోసెమైడ్ అడ్డుకునే ఆ ఎన్‌కేసీసీ2 ప్రోటీన్ పుట్టుకతోనే చెడిపోయి ఉండటం. గిటెల్‌మన్ జబ్బులో చెడిపోయింది థయజైడ్‌లు అడ్డుకునే ప్రోటీన్. అంటే బార్టర్ జబ్బున్న బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచే లాసిక్స్ మీద ఉన్నట్టు. ఆ బిడ్డ కడుపులోనే విపరీతంగా మూత్రం పోస్తుంది, ఉమ్మనీరు మితిమీరుతుంది, కాన్పు నెలలు నిండకుండానే అయిపోతుంది. పుట్టాక మూత్రంలో కాల్షియం పోతూ ఉంటుంది, కిడ్నీల్లో సున్నం పేరుకుంటుంది. గిటెల్‌మన్ రోగుల మూత్రంలో కాల్షియం ఉండాల్సినదానికంటే తక్కువ ఉంటుంది. లాసిక్స్‌ను ఆపకుండా ఇస్తూ పోతే ఏమవుతుందని ఎవరైనా అడిగితే, బార్టర్ జబ్బు పిల్లలు ఎంత స్పష్టమైన జవాబో నాకు చూసినప్పుడల్లా ఆశ్చర్యమే.

ఇక ఎముక సంగతి. నిండు నెలల బిడ్డ ఒంట్లో పుట్టేసరికి 20 నుంచి 30 గ్రాముల కాల్షియం ఉంటుంది. అందులో దాదాపు 80 శాతం గర్భం చివరి మూడు నెలల్లోనే చేరుతుంది. ఆ రోజుల్లో మాయ బిడ్డకు కిలో బరువుకు రోజుకు 100 నుంచి 130 మిల్లీగ్రాముల కాల్షియం, 60 నుంచి 75 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ అందిస్తుంది. 28 వారాలకే పుట్టిన బిడ్డకు ఆ సరఫరా బొడ్డు కోసిన క్షణంలోనే ఆగిపోయింది. తల్లిపాలలో 100 ఎంఎల్‌కు సుమారు 25 నుంచి 30 మిల్లీగ్రాముల కాల్షియం, 15 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉంటాయి. కిలోకు రోజుకు 180 ఎంఎల్ పాలు పట్టించగలిగినా 50 మిల్లీగ్రాముల కాల్షియం దగ్గరే ఆగిపోతాం. అందులోనూ పేగు పీల్చుకునేది కొంతే. నిండు నెలల బిడ్డకు తల్లిపాలు పూర్తిగా చాలు. నెలలు నిండని బిడ్డకు కూడా తల్లిపాలను మించింది లేదు, అయితే వాటిలో ఖనిజాలు కలిపే ఫోర్టిఫయర్ వెయ్యాల్సి వస్తుంది. అలా కలిపినా కడుపులో అందినంత అందించడం కష్టమే.

ఇలా రాబడి సగానికి సగం పడిపోయిన బిడ్డకు, ఉన్న కాల్షియాన్ని మూత్రంలో పోగొట్టే మందు మొదలుపెడుతున్నాం. పాతికేళ్ల మనిషికి వారం రోజులు లాసిక్స్ ఇస్తే ఒంట్లో ఉన్న కిలో కాల్షియం ముందు ఆ నష్టం లెక్కలోకి రాదు. 900 గ్రాముల బిడ్డకు నిల్వే లేదు.

దీనికి తోడు, ఆ బిడ్డ ఒంట్లో మందు ఎక్కువసేపు నిలిచిపోతుంది. పెద్దవాళ్ల రక్తంలో ఫ్యూరోసెమైడ్ గంట, రెండు గంటల్లో సగానికి తగ్గిపోతుంది. 1988లో మార్క్ మిరోచ్‌నిక్ బృందం చాలా తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో కొలిచినప్పుడు, గర్భం రోజుల నుంచి లెక్కేస్తే 31 వారాల లోపు వయసున్నవాళ్లలో సగానికి తగ్గడానికి 24 గంటలకు పైనే పట్టింది. అలాంటి బిడ్డకు పన్నెండు గంటలకోసారి ఇస్తే పొద్దున డోసు పోకముందే సాయంత్రం డోసు వచ్చి పడుతుంది, మందు పోగవుతుంది. అందుకే అంత చిన్న పిల్లల్లో రోజుకు ఒకసారికి మించి ఇవ్వడానికి పసికందుల వైద్యులైన నియోనటాలజిస్టులు వెనకాడతారు.

రక్తంలో కాల్షియం తగ్గబోతోందని తెలియగానే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ విడుదల చేస్తాయి. ఆ హార్మోన్ ఎముకను కరిగించి కాల్షియాన్ని రక్తంలోకి తెస్తుంది. కాబట్టి రక్త పరీక్షలో కాల్షియం మామూలుగానే కనిపిస్తుంది. ఈ ఒక్క విషయం దగ్గర చాలామంది తల్లిదండ్రులు, కొన్నిసార్లు డాక్టర్లూ, నిశ్చింత పడిపోతారు. కాల్షియం రిపోర్టు బాగుందంటే ఎముక బాగుందని కాదు, ఎముక తన సొమ్ము ఇచ్చి రక్తాన్ని నిలబెడుతోందని కూడా కావచ్చు. ఎక్స్‌రేలో ఎముక పలచబడినట్టు కనిపించేసరికి 20 నుంచి 40 శాతం ఖనిజం పోయి ఉంటుంది. పక్కటెముక విరగడం చాలాసార్లు ఊపిరితిత్తుల కోసం తీసిన ఎక్స్‌రేలోనే అనుకోకుండా బయటపడుతుంది. అది ఎప్పుడు విరిగిందో, బిడ్డ ఆ రోజు ఎందుకు ఏడిచిందో ఎవరికీ తెలిసి ఉండదు. నా మటుకు నాకు ఇందులో అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మూత్రంలో కాల్షియం ఎక్కువగా కనిపిస్తే లాసిక్స్‌దే తప్పని వెంటనే తేల్చేయకూడదు. ఎముకలో కాల్షియం ఒంటరిగా కూర్చోదు, ఫాస్ఫేట్‌తో జత కట్టే కూర్చుంటుంది. బిడ్డకు ఫాస్ఫరస్ తక్కువైతే ఇచ్చిన కాల్షియం వెళ్లడానికి చోటు లేక మూత్రంలోకి వస్తుంది. ఇప్పుడు కాల్షియం ఎక్కువైందని కాల్షియం తగ్గిస్తే ఎముక ఇంకా ఎండిపోతుంది. ఫాస్ఫరస్ పెంచితే మూత్రంలో కాల్షియం తగ్గుతుంది, ఎముకకూ మేలు. పారాథైరాయిడ్ హార్మోన్ ఇంకో పని కూడా చేస్తుంది, ఫాస్ఫేట్‌ను మూత్రంలోకి పంపేస్తుంది. అందుకని లాసిక్స్ మీద ఉన్న బిడ్డకు వట్టి కాల్షియం సిరప్ పోసి ఊరుకుంటే సరిపోదు. ఏది తక్కువైంది, ఎందుకు తక్కువైంది అన్నది ఫాస్ఫరస్, ఎముక పని పెరిగినప్పుడు రక్తంలో పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్, పారాథైరాయిడ్ హార్మోన్, మూత్రంలో కాల్షియం, ఇవన్నీ పక్కపక్కన పెట్టి చదివితేనే తెలుస్తుంది.

ఎముక వదిలేసిన కాల్షియం అంతా వెళ్లేది కిడ్నీ గుండానే. దారిలో కొంత అక్కడే స్ఫటికాలుగా పేరుకుంటుంది. దీన్నే నెఫ్రోకాల్సినోసిస్ అంటారు, మన మాటల్లో కిడ్నీలో సున్నం పేరుకోవడం. స్కానింగ్‌లో కిడ్నీ లోపలి పిరమిడ్లు మామూలుగా చుట్టుపక్కల కంటే నల్లగా కనిపించాలి. సున్నం చేరితే తెల్లగా మెరుస్తాయి. పెద్దవాళ్లకు వచ్చే రాళ్లలా నొప్పి ఉండకపోవచ్చు. మూత్రంలో స్ఫటికాలు కట్టకుండా ఆపే సిట్రేట్ ఈ పిల్లల్లో తక్కువ. ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్, ఊపిరి ఆగిపోకుండా ఇచ్చే కెఫీన్ జాతి మందులు కూడా మూత్రంలో కాల్షియాన్ని పెంచుతాయి. అందుకే లాసిక్స్ అసలు తాకని బిడ్డలోనూ ఇది రావచ్చు, వస్తుంది కూడా.

కిడ్నీ విషయంలో ఇంకో సంగతి మరిచిపోకూడదు. కిడ్నీలోని వడపోత యూనిట్లు, నెఫ్రాన్లు, గర్భం 34 నుంచి 36 వారాల దాకా కొత్తవి తయారవుతూనే ఉంటాయి. సగానికి పైగా చివరి మూడు నెలల్లోనే పుడతాయి. 36 వారాల తర్వాత ఒక్కటి కూడా కొత్తగా రాదు, జీవితమంతా ఉన్నవాటితోనే గడపాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలో ఈ తయారీ పుట్టాక సుమారు 40 రోజుల దాకా సాగి ఆగిపోతుంది. ఆ 40 రోజుల్లోనే బిడ్డకు ఇన్‌ఫెక్షన్‌కు అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు, గుండె పక్కన మూసుకోని నాళానికి ఐబూప్రోఫెన్, ఊపిరికి లాసిక్స్, అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. లాసిక్స్ ఎక్కువై ఒంట్లో నీరు మరీ తగ్గితే కిడ్నీకి రక్తం తగ్గుతుంది, మిగతా మందుల దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. అమికాసిన్‌తో కలిస్తే చెవికి కూడా ప్రమాదమే.

అయితే వైద్యశాస్త్రం లాసిక్స్‌ను ఎంత దోషిగా నిలబెట్టింది? 1982లో పీడియాట్రిక్స్ పత్రికలో హఫ్నగెల్, సహచరులు చాలాకాలం ఫ్యూరోసెమైడ్ ఇచ్చిన నెలలు నిండని పిల్లల కిడ్నీల్లో సున్నం చేరడాన్ని వర్ణించారు. మరుసటి ఏడాది, 1983లో, అలాంటి పిల్లల్లోనే పారాథైరాయిడ్ హార్మోన్ పెరగడం, ఎముక జబ్బు కనిపించడం గురించి ఇంకో వ్యాసం వచ్చింది. తర్వాత చాలా ఆసుపత్రుల నుంచి ఇలాంటి లెక్కలు వచ్చాయి, ఆ అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. ఒకచోట నూటికి పదిమందిలోపు, ఇంకోచోట సగానికి పైగా. ఎంత చిన్న పిల్లలను చూశారు, ఎన్నిసార్లు స్కానింగ్ చేశారు అన్నదాన్నిబట్టి అంకె మారిపోతుంది.

ఈ లెక్కలన్నిటికీ ఒకే బలహీనత ఉంది. ఎక్కువ రోజులు లాసిక్స్ ఎవరికి ఇస్తాం? అందరికంటే చిన్నగా పుట్టి, అందరికంటే ఎక్కువ జబ్బు పడ్డ బిడ్డకు. ఆ బిడ్డకే స్టెరాయిడ్ పడుతుంది, సెలైన్ ద్వారానే నెల రోజులు ఆహారం వెళ్తుంది, కదలికా ఉండదు. ఎముక పలచబడటానికి వీటిలో ఏ ఒక్కటైనా చాలు. మరి నేరం ఎవరిది?

దీనికి కొంత జవాబు అనుకోని చోటు నుంచి దొరికింది. మెదడులో రక్తస్రావం తర్వాత నీటి గదులు ఉబ్బిన పసిబిడ్డలకు ఎసిటజోలమైడ్ అనే ఇంకో నీటి మందు, ఫ్యూరోసెమైడ్ రెండూ కలిపి ఇస్తే తలలో గొట్టం వేసే ఆపరేషన్ తప్పుతుందేమోనని ఒక అంతర్జాతీయ పరీక్ష చేశారు. 177 మంది పిల్లల్లో ఎవరికి మందు, ఎవరికి మామూలు చికిత్స అన్నది చీటీ వేసినట్టు నిర్ణయించారు. ఫలితాలు 1998లో లాన్సెట్‌లో వచ్చాయి. మేలు జరగలేదు సరికదా, మందు పడ్డ పిల్లలు వెనకబడుతున్నారని తేలి పరీక్షను మధ్యలోనే ఆపేశారు. మందు తీసుకున్న పిల్లల్లో కిడ్నీ సున్నం చాలా ఎక్కువగా కనిపించింది. ఇక్కడ జబ్బు తీవ్రత రెండు వైపులా ఒకటే కాబట్టి నేరం జబ్బు మీదకు నెట్టడం కుదరదు. ఇచ్చింది రెండు మందులు కాబట్టి ఎవరి వాటా ఎంతో విడదీయలేం. ఎసిటజోలమైడ్ కూడా సిట్రేట్‌ను తగ్గించి, మూత్రాన్ని క్షారంగా మార్చి సున్నం కట్టేలా చేసేదే. నా దృష్టిలో ఆ పరీక్షతోనూ, బార్టర్ జబ్బుతోనూ, మందు పనిచేసే తీరుతోనూ కలిపి చూస్తే లాసిక్స్‌కు కిడ్నీ సున్నంలో నిజమైన వాటా ఉందని నమ్మడానికి చాలు. ఎముక విషయంలో సాక్ష్యం అంత బలంగా లేదు. అక్కడ అది అసలు దోషి కంటే, ముందే ఉన్న కరువును పెంచే చెయ్యి అనుకోవడం న్యాయం.

మరి నెలల తరబడి ఇస్తున్న ఆ మందు ఊపిరితిత్తులకు చేసే మేలెంత? ఇచ్చిన గంటల్లో, రోజుల్లో ఊపిరితిత్తుల బిగువు తగ్గడం నిజం. ఎక్కువ కాలం ఇస్తే ఆక్సిజన్ నుంచి తొందరగా బయటపడతారా, ఆసుపత్రి నుంచి తొందరగా ఇంటికి వెళతారా అన్న ప్రశ్నలకు అధ్యయనాలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్షల్లో గట్టి రుజువు దొరకలేదు. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బున్న ప్రతి బిడ్డకూ అలవాటుగా రాయమని అవి చెప్పడం లేదు. నెలల వాడకం మీద నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఇదే. నష్టం కళ్లముందు ఉంది, లాభం మొదటి వారాల తర్వాత సన్నగిల్లిపోతోంది.

అలాగని వెంటనే థయజైడ్‌కు మార్చేస్తే సరిపోతుందా అంటే, పుస్తకంలో సరిపోతుంది. మంచం మీది బిడ్డలో అంత తేలిక కాదు. 1982 వ్యాసంలోనే క్లోరోథయజైడ్ కలిపాక సున్నం తగ్గిన పిల్లల ప్రస్తావన ఉంది. కానీ థయజైడ్‌తో పాటు స్పైరనోలాక్టోన్ అనే ఇంకో నీటి మందు ఇచ్చిన పసిబిడ్డల్లో కాల్షియం నష్టం తగ్గలేదని చూపిన పరిశోధనలూ ఉన్నాయి. థయజైడ్‌తో సోడియం, పొటాషియం కూడా బాగా పడిపోతాయి. ఇంకో మార్గం రోజు విడిచి రోజు లాసిక్స్ ఇవ్వడం. 1990లో రష్, సహచరులు ఊపిరితిత్తుల జబ్బున్న పిల్లల్లో ఇలా ఇచ్చి చూస్తే ఊపిరికి మేలు నిలిచింది, లవణాలు పెద్దగా చెదరలేదు. చిన్న అధ్యయనమే అయినా ఆ ఆలోచన నాకు నచ్చింది.

క్లోరైడ్ గురించి కూడా చెప్పాలి, అందరూ సోడియం, పొటాషియం చూసి దీన్ని వదిలేస్తారు. ఫ్యూరోసెమైడ్‌తో అన్నిటికంటే ఎక్కువ పోయేది క్లోరైడే. క్లోరైడ్ తగ్గితే రక్తం క్షారంగా మారుతుంది, పిల్ల బరువు పెరగదు. ఇది లాసిక్స్ లేకుండా కూడా ఒకసారి జరిగింది. 1979లో అమెరికాలో నియో-మల్-సోయ్ అనే సోయా డబ్బా పాలలో క్లోరైడ్ చాలా తక్కువగా పడింది. ఆ పాలు తాగిన పిల్లలు ఎదగడం మానేశారు, ఆకలి పోయింది. ఆ ఉదంతం తర్వాతే అక్కడ 1980లో పసిపిల్లల పాలపొడిలో ఏమేం ఉండాలో శాసించే చట్టం వచ్చింది. లాసిక్స్ మీద ఉన్న పిల్ల బరువు ఆగిపోతే అది గుండె వల్లనో ఊపిరితిత్తుల వల్లనో అనుకునే ముందు క్లోరైడ్ ఎంత ఉందో చూడటం మంచిది.

మన దగ్గర ఈ మందు నెలల తరబడి వాడేది ఎన్‌ఐసీయూ పిల్లలే కాదు. గుండె జబ్బుతో పుట్టి ఆపరేషన్ కోసం వేచి ఉన్న పిల్లలు ఇంకా ఎక్కువ. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పేదింటి పిల్లలకూ గుండె ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది. అంతకుముందు ఈ పిల్లల్లో చాలామందికి మందు తప్ప వేరే దారి ఉండేది కాదు. అయినా బిడ్డ బరువు పెరగాలి, జలుబు తగ్గాలి, తేదీ దొరకాలి. వీళ్లు నిండు నెలలకు పుట్టినవాళ్లు కాబట్టి ఎముకలో నిల్వ ఉంటుంది, కిడ్నీ మందును తొందరగా బయటికి పంపుతుంది. ప్రమాదం తక్కువే. కానీ పాలు సరిగ్గా తాగలేని, ఎండలోకి తీసుకురాని, ఏడాది పొడుగునా మందు మీద ఉన్న బిడ్డకు ఒకసారి కిడ్నీ స్కానింగ్ చేయించడంలో పోయేదేమీ లేదు. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌తో ఒళ్లు వాచే పిల్లల్లో ఎముకకు ప్రధాన శత్రువు స్టెరాయిడ్. అక్కడ లాసిక్స్ సాధారణంగా వాపు ఉన్న రోజులకే పరిమితం.

ఇంట్లో మందు వేసే తీరు మీద కూడా చాలా ఆధారపడి ఉంది. పసిబిడ్డకు సరిపడే ద్రావణం అన్ని మందుల షాపుల్లోనూ దొరకదు. అప్పుడు 40 మిల్లీగ్రాముల మాత్రను 10 ఎంఎల్ నీళ్లలో కలిపి ఒక ఎంఎల్ పట్టించమని చెబుతుంటారు. లెక్క ప్రకారం ఒక ఎంఎల్‌లో 4 మిల్లీగ్రాములు. కానీ ఫ్యూరోసెమైడ్ నీళ్లలో దాదాపు కరగదు. గిన్నెలో కలిపి, చెంచాతో తిప్పి, బిడ్డను ఒళ్లోకి తీసుకుని, సిరంజి పట్టుకునేసరికి పొడి అడుక్కి దిగిపోయి ఉంటుంది. పైనుంచి తీస్తే వట్టి నీళ్లు, అడుగు నుంచి తీస్తే రెండు మూడు డోసులు ఒకేసారి. మిగిలినదాన్ని సాయంత్రానికి ఉంచితే ఇంకా అధ్వానం, వెలుతురు తగిలితే ఆ మందు పచ్చబడి చెడుతుంది. తయారు ద్రావణం దొరికితే అదే వాడాలి, సీసా మీద ఒక ఎంఎల్‌కు ఎన్ని మిల్లీగ్రాములో చదివి, డాక్టరు రాసిన మిల్లీగ్రాములతో పోల్చుకోవాలి. మాత్ర తప్ప దొరకకపోతే, బాగా కదిలించి, అది తిరుగుతుండగానే సిరంజిలోకి తీసి, మిగిలింది పారబోయాలి.

విటమిన్ డి చుక్కల దగ్గర కూడా జాగ్రత్త. ఒక ఎంఎల్‌లో 400 యూనిట్లు ఉన్న సీసాలూ ఉన్నాయి, 800 ఉన్నవీ ఉన్నాయి. ఒకదాని కొలత ఇంకోదానికి వాడితే రెట్టింపు పడుతుంది. ఎముక బలపడాలని పెద్దవాళ్ల 60,000 యూనిట్ల పొట్లం తెచ్చి పసిబిడ్డకు వేసే ఇళ్లు కూడా ఉన్నాయి, దయచేసి అది చేయొద్దు. విటమిన్ డి మితిమీరితే పేగు ఎక్కువ కాల్షియాన్ని పీలుస్తుంది. లాసిక్స్ మీద ఉన్న బిడ్డలో అది మూత్రంలోకి వచ్చి కిడ్నీలో పేరుకుంటుంది. థయజైడ్ మీద ఉన్న బిడ్డలో బయటికి పోలేక రక్తంలోనే పెరిగిపోతుంది.

పరీక్షల రిపోర్టులు చదవడంలో ఒక చిక్కు ఉంది. మన ల్యాబుల్లో చాలావాటికి పక్కన అచ్చయ్యే మామూలు అంకెలు పెద్దవాళ్లవి. ఎదిగే పిల్లలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 350 ఉంటే అది సహజం, కాగితం మీద మాత్రం నల్లని అక్షరాల్లో ఎక్కువ అని వస్తుంది, ఇంటిల్లిపాదీ హడలిపోతారు. నెలలు నిండని బిడ్డలో 500 దాటి, ఫాస్ఫరస్ 4 కన్నా తగ్గితే అప్పుడు ఎముక గురించి ఆలోచించాలి. మూత్రంలో కాల్షియం, క్రియాటినిన్ నిష్పత్తి కూడా అంతే. పెద్ద పిల్లల్లో 0.2 దాటితే ఎక్కువ. ఆరు నెలల లోపు బిడ్డలో 0.8 దాకా ఉన్నా మామూలే. రిపోర్టును వయసు తెలిసినవాళ్లకు చూపించకుండా భయపడొద్దు, నిశ్చింతగానూ ఉండొద్దు.

ఇదంతా చదివి ఎవరూ రేపటి డోసు మానేయకూడదు. గుండెలోనో ఊపిరితిత్తుల్లోనో జబ్బున్న బిడ్డకు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో ఆయాసం తిరగబెట్టవచ్చు. అడగాల్సింది డాక్టరుగారినే. ఈ మందు ఇంకా ఎందుకు అవసరం, రోజు విడిచి రోజు ఇవ్వొచ్చా, ఆఖరిసారి లవణాలు ఎప్పుడు చూశారు, కిడ్నీ స్కానింగ్ చేశారా అని. చాలామంది డాక్టర్లు పాటించే ఒక తేలికైన పద్ధతి ఉంది. బిడ్డ పెరుగుతున్నా మోతాదు పెంచకుండా అదే మిల్లీగ్రాముల దగ్గర ఉంచుతారు. రెండు కిలోల బిడ్డ నాలుగు కిలోలయ్యేసరికి కిలోకు పడే మందు సగమైపోతుంది, ఊపిరి బాగుంటే ఆపేస్తారు. ఇది తెలియక కొందరు బరువు పెరిగింది కదా, డోసు పెంచలేదేమని కంగారుపడతారు.

సున్నం కనిపించిన కిడ్నీల్లో ఎక్కువభాగం మందు ఆపాక, ఏడాది రెండేళ్లలో శుభ్రపడతాయి. కొన్నిటిలో మిగులుతుంది, కొందరు పిల్లల్లో కిడ్నీ కాస్త చిన్నదిగా ఉండటం, మూత్రాన్ని చిక్కబరిచే, ఆమ్లాన్ని బయటికి పంపే శక్తి కొంచెం తగ్గడం కనిపించాయి. ఎముక కూడా పాలు, తిండి పెరిగి, పిల్ల కాళ్లాడించడం మొదలుపెట్టాక చాలావరకు కోలుకుంటుంది. స్కానింగ్ తెల్లదనం పోయేదాకా మూడు నుంచి ఆరు నెలలకోసారి చూడాలి. నెఫ్రాన్లు తక్కువగా మిగిలినవాళ్లకు ముందు ముందు బీపీ పెరిగే అవకాశం ఉంది. మామూలు పిల్లలకు మూడేళ్ల నుంచి ఏటా బీపీ చూడమంటారు, 32 వారాల లోపు పుట్టినవాళ్లకు అంతకంటే ముందే మొదలుపెట్టాలి. చూసేటప్పుడు పసిపిల్లల సైజు పట్టీ ఉన్న చోటే చూపించండి. పెద్దవాళ్ల పట్టీ ఆ చిన్న చేతికి చుడితే బీపీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.